దూలం దించే చేతులు

ఎండలు ముదిరి, అడవిలో ఇప్పపువ్వు రాలడం ముగిసి, తొలకరికి ఇంకా కొన్ని వారాలున్నాయనగా సిరొంచ తాలూకా ఊళ్ళలో పాత ఇళ్ళ కప్పులు దిగుతుంటాయి. ఒకచోట ఘర్‌కుల్ (సర్కారు ఇంటి పథకం) మంజూరైంది, పాత ఇంటి జాగాలోనే కొత్తది లేపాలి. ఒకచోట అన్నదమ్ములు వేరుపడ్డారు, పెద్దిల్లు రెండు వాటాలు కావాలి. ఇంకోచోట వరదకు నాని గోడ జారింది, ఏటికి దూరంగా మెరక మీదికి జరగాలి. కారణం ఏదైనా పనికి వరస ఒకటే. ఇద్దరు కప్పెక్కి ముందు కొప్పు గూనలు విప్పుతారు. నిచ్చెన మీద ఒకరు, నేల మీద మరికొందరు బారు తీరి నిలబడతారు. గూన చేతి నుంచి చేతికి దిగి వేపచెట్టు కింద నిలువు వరసల్లో చేరుతుంది. పగిలినవి ఒక పక్కకు, పనికొచ్చేవి ఒక పక్కకు. సాయంత్రానికి ఇంట్లోకి ఆకాశం కనబడుతుంది.

ఈ పనిని ఇప్పుడు చాలాచోట్ల జేసీబీ చేస్తోంది. పొద్దున వచ్చి మధ్యాహ్నానికి వెళ్ళిపోతుంది. దాని దెబ్బకు గూనలు పిండి అవుతాయి, వాసాలు విరుగుతాయి, దర్వాజాలు నిలువునా చీలుతాయి. మిగిలింది ట్రాక్టర్లకెక్కి ఊరి బయటి గుంతలోకి పోతుంది. రెండు పద్ధతుల్లోనూ చివరికి ఇల్లు ఉండదు. కానీ ఒకదాంట్లో ఇంటి సామాను మిగులుతుంది, మరోదాంట్లో మిగలదు. ఈ తేడా మీద ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు కనుక మాట్లాడాలి.

సిరొంచ ప్రాణహిత ఒడ్డు ఊరు. ఏరు దాటితే కాళేశ్వరం. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అయి, ఈ ఊరిని ఒరుసుకుని వెళ్ళి గోదావరిలో కలుస్తుంది. ఇంకాస్త దిగువన ఇంద్రావతి వచ్చి చేరుతుంది. రాజ్యం మహారాష్ట్రది, కచేరీ భాష మరాఠీ, ఇంటి మాట తెలుగు, అడవిలోకి వెళితే గోండీ, మాడియా. 1860లో బ్రిటిష్ వారు ఎగువ గోదావరి జిల్లా అని ఒకటి చేసి సిరొంచను దానికి కేంద్రంగా పెట్టారు. కాటన్ దొర కలగన్న గోదావరి పడవల దారి మీద అప్పట్లో ఆశలు పెద్దవి. 1871లో ఆ పనులు ఆగిపోయాయి, 1874లో జిల్లాయే రద్దయింది. భద్రాచలం వైపు తాలూకాలు మద్రాసుకు పోయాయి, సిరొంచ చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాకు వచ్చింది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ నుంచి గడ్చిరోలి విడిపోయినప్పుడు దానితోపాటు వెళ్ళింది. ఇన్ని చేతులు మారినా ఊరి చుట్టూ ఉన్న టేకు అడవి అడవిగానే ఉంది. ఊళ్ళలోని పాత ఇళ్ళు ఆ అడవి నుంచి వచ్చినవే.

ఆ ఇళ్ళ కట్టుబడిని ఒకసారి నిదానంగా చూడాలి. ముందు మొగురాలు నిలబడతాయి. వాటి తలల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, పైన వాలుగా వాసాలు, వాసాల మీద అడ్డంగా బొంగులో చెక్క పట్టెలో, వాటి మీద గూన. ఇంత బరువునూ మోసేది కర్ర. మట్టిగోడ ఆ తర్వాత వస్తుంది. అది గాలినీ ఎండనూ ఆపుతుంది తప్ప కప్పును మోయదు. వరద వచ్చినప్పుడు గోడ నాని కూలినా కప్పు మొగురాల మీద నిలబడే ఉండటానికి కారణం ఇదే. 2022 జూలైలో ప్రాణహిత, గోదావరి కలిసి పొంగి సిరొంచ తాలూకాలో ఒడ్డు ఊళ్ళను ఖాళీ చేయించాయి. అదే నీరు కిందికి పోయి జూలై 16న భద్రాచలం దగ్గర 71.3 అడుగులు తాకింది. అంత నీటిలో నానిన టేకు మొగురం కూడా ఎండలో ఆరాక మళ్ళీ బరువుకు పనికొస్తుంది.

కర్రకు కర్ర కలిసేచోట మొన ఒకదానికి, తొర్ర ఒకదానికి చెక్కి దించుతారు. అడ్డంగా చెక్క చీల కొడతారు. ఇనుప మేకు చాలా తక్కువ. అందుకే ఆ చీలను ఎదురు వైపు నుంచి తట్టి తీస్తే దూలం దెబ్బతినకుండా ఊడొస్తుంది. దీనికి బలం కంటే చూపు ముఖ్యం. ఏ కర్ర దేన్ని మోస్తోంది, ఏది తీస్తే ఏది ఒరుగుతుంది, ఏ దూలానికి ముందుగా తాడు కట్టి పట్టుకోవాలి అన్నది కింద నిలబడి చూసి చెప్పగలవాడు కావాలి. ఊరి వడ్లాయన అలాంటివాడు. కొన్ని ఇళ్ళలో అతని తాత చెక్కిన మొననే ఇప్పుడు అతను విప్పుతుంటాడు. కట్టినప్పుడు ఏది చివర వచ్చిందో విప్పేటప్పుడు అది ముందు రావాలి. ఈ వరస తప్పితే మనుషులకు దెబ్బలు తగులుతాయి.

అసలు గూన ఇల్లు అంటేనే సగం విప్పి సగం కట్టే ఇల్లు. కోతులు దూకి, పిల్లులు నడిచి, గాలికి కదిలి గూన జరుగుతుంది. ఏటా వానలకు ముందు కప్పెక్కి గూన సర్దించుకోవాలి. కుమ్మరి సారె మీద గొట్టంలా లేపి, నిలువున రెండుగా చీల్చి, కాల్చిన గూన అది. ఒకటి పగిలితే ఒకటే మారుతుంది, కప్పంతా మార్చనక్కర్లేదు. కర్ర పుచ్చితే ఆ కర్రే మారుతుంది. ఏ భాగమైనా విడిగా తీసి విడిగా పెట్టే వీలుతో కట్టిన ఇంటిని ఒక్క దెబ్బకు కూల్చడం దాని కట్టుబడికే విరుద్ధం.

ఇక ఆ కర్ర సంగతి. టేకులో చేవ ఉన్న భాగానికి తనదైన నూనె ఉంటుంది, చెద అంత తొందరగా పట్టదు. నెమ్మదిగా పెరిగిన చెట్టుకు చేవ ఎక్కువ, బయటి తెల్ల చెక్క తక్కువ. డెబ్బై, ఎనభై ఏళ్ళు కప్పు కింద ఆరిన దూలం ఇక వంగదు, మెలికపడదు, చీలదు. కొత్తగా కోసిన కలపకు ఆ నిలకడ రావడానికి ఎంతో కాలం పడుతుంది. అలాంటి చెట్లు నిలబడి ఉండగా చూడాలంటే సిరొంచకు ఉత్తరంగా ఆలాపల్లి దగ్గర ఆరు హెక్టార్ల అడవి ముక్కను చూడవచ్చు. ‘గ్లోరీ ఆఫ్ ఆలాపల్లి’ పేరుతో దాన్ని నరకకుండా కాపాడుతున్నారు, 2014లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. మిగతాచోట్ల అంత వయసున్న టేకు దొరికేది పాత ఇళ్ళ కప్పుల కిందే. అయోధ్య రామమందిరం తలుపుల కోసం 2023 మార్చిలో ఈ ప్రాంతపు టేకు బల్లార్‌షా నుంచి బయలుదేరింది. ఊరేగింపులు, పూజలు చేసి పంపారు. అదే అడవిలో పుట్టిన దర్వాజా మన ఊళ్ళో జేసీబీ పళ్ళ కింద చీలుతుంటే ఆపమని అడిగేవారు లేరు. ఆ తలుపుకు దక్కిన గౌరవంలో కొంత ఈ దర్వాజాకూ దక్కాలి.

కర్ర ఒక్కటే కాదు. పునాది బండలు, అరుగు రాళ్ళు, కడప, కిటికీ ఊచలు, ఇసుర్రాయి, నేలలో పాతిన రోలు అన్నీ చేతితో తీస్తే మిగిలేవే. రోలును పెకలించే ముందు దానికి పసుపు కుంకుమ పెట్టే ఇళ్ళున్నాయి. మట్టిగోడకు నీళ్ళు పోసి నానబెడితే మళ్ళీ మట్టి అవుతుంది, కొత్త గోడకు పనికొస్తుంది. లేదంటే చేనుకు పోతుంది. పాత ఇళ్ళు కూలినచోటి పాటిమట్టిని బళ్ళకెత్తి చేలల్లో చల్లుకోవడం మన రైతులకు కొత్త కాదు. తరాల పాటు పొయ్యి బూడిద, పేడ అలుకు, పశువుల గడ్డి కలిసిన మట్టికి ఉండే సారం వారికి తెలుసు. సిమెంటు పెచ్చుకు అలాంటి రెండో బతుకు లేదు. అది పడ్డ చోట గడ్డి కూడా తొందరగా మొలవదు.

మరి జనం జేసీబీని ఎందుకు పిలుస్తున్నారు? వారిని తప్పుపట్టే ముందు లెక్క చూడాలి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు, గడ్చిరోలి లాంటి జిల్లాల్లో 1.30 లక్షలు ఇస్తారు. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. డబ్బు విడతలుగా వస్తుంది. పునాది లేచిన ఫొటో పంపితే ఒక విడత, గోడలు లేచాక ఒక విడత. ఫొటో ఆలస్యమైతే డబ్బు ఆలస్యం, డబ్బు ఆలస్యమైతే మేస్త్రి ఇంకో ఊరికి వెళ్ళిపోతాడు, ఈలోగా వాన పడుతుంది. పాత ఇంటిని చేతితో విప్పడానికి వారం, పది రోజులు పడుతుందంటే ఆ కుటుంబానికి ఆ పది రోజులు ఎక్కడ తల దాచుకోవాలన్నది మొదటి ప్రశ్న. విప్పే కూలి ఎవరిస్తారన్నది రెండోది. జేసీబీకి గంటల లెక్కన కడితే చాలు. తొందర వారిది కాదు, పథకం వారిమీద పెట్టింది.

ఆ తొందర వల్ల పోయేది కూడా లెక్క కట్టాలి. ఈ 1.30 లక్షల ఇంట్లో తలుపులు, కిటికీలు, వాటి చట్రాలు కొనాల్సిందే. పాత ఇంటి దర్వాజాలు నిలిచి ఉంటే ఆ ఖర్చు లేదు. ఒక దూలాన్ని కోయిస్తే కిటికీ చట్రాలు వస్తాయి. వాసాలు వంటింటి సాయమానుకు, పశువుల కొట్టానికి సరిపోతాయి. గూన అదే కొట్టం మీదికెక్కుతుంది. ఇవేవీ పథకం కాగితాల్లో కనబడవు. పేదవాడి చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆస్తిని చెత్తగా లెక్కించి, అతనికి మళ్ళీ అదే సామాను బజార్లో కొనిపించడం సరైన పద్ధతి కాదు.

చేతితో విప్పడం వెనకబాటు అనుకునేవారికి ఒక ఊరి సంగతి చెప్పాలి. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్ నగరం 2016 అక్టోబరు 31 నుంచి ఒక నిబంధన అమల్లోకి తెచ్చింది. 1916లో గానీ అంతకు ముందు గానీ కట్టిన ఇంటిని తొలగించాలంటే యంత్రంతో కూల్చకూడదు, ప్రధానంగా చేతిపనితోనే విప్పి కలపను, ఇతర సామానును మళ్ళీ వాడకానికి ఇవ్వాలి. 2020లో ఆ నిబంధనను 1940 దాకా కట్టిన ఇళ్ళకు విస్తరించారు. కలపకు లోటు లేని, యంత్రాలకు కొదవ లేని దేశంలో ఒక నగరం ఆలోచించి చేసుకున్న చట్టం ఇది. విప్పేవారికి శిక్షణ ఇచ్చి, ధ్రువపత్రం ఉన్నవారికే ఆ పని అప్పగిస్తున్నారు. మన వడ్లాయనకు ఆ శిక్షణ ఇంట్లోనే దొరికింది. ధ్రువపత్రం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

మనకూ ఈ ఓపిక లేకపోలేదు. నాగార్జునసాగర్ నీరు రాకముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను ఎత్తి కొండ మీద, అనుపు దగ్గర మళ్ళీ నిలబెట్టారు. శ్రీశైలం జలాశయంలో మునగాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయికి రాయి విప్పి అలంపురంలో కట్టారు. రాజులు కట్టిన రాళ్ళ మీద చూపిన ఆ శ్రద్ధ గొప్పది. ఆ లోయల్లోనే బతికిన రైతు ఇంటి మీద అంత శ్రద్ధ ఎవరూ చూపలేదు. తమ దూలాలను తామే దించుకుని బండి కట్టుకుని వెళ్ళిన కుటుంబాలు అన్ని ముంపు ప్రాంతాల్లోనూ ఉన్నాయి. ఈమధ్య పోలవరం ముంపులో దేవీపట్నం మండలం ఊళ్ళ నుంచి జనం తలుపులు, వాసాలు, పెంకులు ట్రాక్టర్లకెత్తి తీసుకెళ్ళారు. 2013 నాటి భూసేకరణ చట్టం ఈ సంగతిని గుర్తించింది. నిర్వాసిత కుటుంబానికి రవాణా ఖర్చుగా 50,000 రూపాయలు ఇవ్వాలని దాని రెండో షెడ్యూలులో ఉంది. మనుషులు, వస్తువులు, పశువులతోపాటు ఇంటి కట్టుబడి సామానును తరలించుకోవడానికి అని అందులో స్పష్టంగా రాశారు. ఇల్లు మారేటప్పుడు ఇంటి సామానూ మారుతుందని చట్టం రాసినవారికి తెలుసు. గృహ పథకం రాసినవారికీ తెలియాలి.

ఒక ఇంటి కలప ఇంకో ఇంటికి కలిసిరాదన్న వాస్తు మాట మన ఊళ్ళలో బలంగా ఉంది. నమ్మకాన్ని కించపరచాల్సిన పని లేదు. కానీ తన తాత ఇంటి దర్వాజాను మనవడు తన ఇంటికి పెట్టుకోవడానికి ఆ మాట అడ్డు వస్తుందని అనుకోలేం. అది ఒకే ఇల్లు, ఒకే వంశం. కేరళలో పాత తరవాడు ఇళ్ళను విప్పి, మోసుకెళ్ళి, వేరేచోట యథాతథంగా కట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. జపాన్‌లో ఇసె ఆలయాన్ని ఇరవయ్యేళ్ళకోసారి కొత్తగా కడతారు, 2013లో అరవై రెండోసారి కట్టారు. దించిన పాత కలపను ఇతర ఆలయాలకు పంచుతారు. ప్రధాన స్తంభాలు ఆ ఆలయానికి వెళ్ళే వంతెన దగ్గర తోరణాలవుతాయి. గుడి కర్ర గుడికి వెళ్ళినట్టే ఇంటి కర్ర ఇంటికి వెళ్ళడంలో దోషం వెతకనక్కర్లేదు.

దీనికి రెండో వైపు ఒకటుంది. కర్ర విలువ ఇంటివారికి తెలియకపోయినా వ్యాపారికి తెలుసు. వంతెనలు వచ్చాక ప్రాణహిత దాటడం తేలికైంది. పాత ఇంటిని గుత్తగా మాట్లాడుకుని, ‘మేమే విప్పుకుని పోతాం, మీకు ఖర్చు లేదు’ అని చెప్పి చెక్కడపు దర్వాజాలను, స్తంభాలను తీసుకెళ్ళేవారు చెట్టినాడు నుంచి గుజరాత్ దాకా ఉన్నారు. ఆ కర్ర నగరంలో హోటలు గోడకో, పెద్దవారి హాలుకో చేరుతుంది. కర్ర బతికింది కదా అని సంతోషించవచ్చు. కానీ అమ్మినవాడికి దాని ధర తెలియకుండా జరిగిన బేరం న్యాయమైనది కాదు. ఇంటివారు ముందు వడ్లాయనతో కర్ర కొలిపించుకోవాలి, ఎన్ని ఘనపుటడుగులో కాగితం మీద రాసుకోవాలి. ఆ తర్వాతే అమ్మాలో ఉంచుకోవాలో తేల్చుకోవాలి.

అటవీ శాఖ పాత్ర కూడా ఇక్కడే వస్తుంది. టేకు రోడ్డెక్కితే రవాణా పాసు అడుగుతారు. అడవిని కాపాడటానికి అది అవసరం. అయితే పక్క ఊళ్ళో కొత్త ఇల్లు కట్టుకుంటున్న కొడుకు దగ్గరికి తండ్రి తన పాత దూలాలను బండిమీద పంపాలంటే భయపడే పరిస్థితి ఉండకూడదు. ఇదే గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా గ్రామసభకు 2011 ఏప్రిల్‌లో వెదురు రవాణా పాసు పుస్తకం ఇచ్చారు. నాటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్, ముఖ్యమంత్రి పృథ్వీరాజ్ చవాన్ స్వయంగా వచ్చారు. తన అడవి వెదురుకు తానే పాసు రాసుకోగల గ్రామసభ, తన ఊరి పాత ఇంటి కర్రకు ‘ఇది ఫలానా ఇంటి కప్పు నుంచి దిగింది’ అని రాసి ఇవ్వలేదా? ఇల్లు విప్పక ముందు ఒక ఫొటో, విప్పాక ఒక ఫొటో, పంచాయతీ ముద్ర ఉన్న కొలతల కాగితం ఉంటే అటవీ అధికారికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

చివరగా ఆ పనిచేసే మనుషులు. గూనల కింద తేళ్ళు, పాములు ఉంటాయి. పుచ్చిన వాసం మీద కాలు పడితే కింద పడాల్సిందే. దశాబ్దాల పొగ, దుమ్ము, ఎలుకల మట్టి ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. తలకు తువ్వాలు, నోటికి ఇంకో తువ్వాలు, కాళ్ళకు ఏమీ లేకుండా ఈ పని చేస్తున్నారు. మామూలు కూలీగా లెక్కిస్తే సరిపోదు, ఇది నేర్పుతో కూడిన పని. నేర్పున్నవారు ముసలివారవుతున్నారు. వారి పిల్లలు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వెళ్ళారు.

గడ్చిరోలి జిల్లా యంత్రాంగం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. ఘర్‌కుల్ మొదటి విడత ఇచ్చేటప్పుడే పాత ఇల్లు విప్పడానికి రెండు వారాల గడువు ఇవ్వాలి. ఇల్లు కట్టుకునే కుటుంబానికి ఉపాధి పథకం కింద 90, 95 పనిదినాల కూలి కలిపి ఇచ్చే పద్ధతి ఎలాగూ ఉంది. అందులో కొన్ని దినాలు విప్పే పనికి లెక్కించాలి. వడ్లాయనకు నేర్పరి కూలి కట్టాలి, కప్పెక్కేవారికి టోపీ, బూట్లు, తాడు ఇవ్వాలి. ఆ నేర్పును ఐటీఐలో చదివే పిల్లలకు ఒక వేసవిలోనైనా చూపించాలి. ఏరుకు అవతల తెలంగాణలోనూ ఇదే పని, ఇవే ఇళ్ళు. చెన్నూరు, మహదేవ్‌పూర్ వైపు అధికారులూ దీన్ని చూడాలి.

ఇంటి యజమానులకు ఒక్క విన్నపం. జేసీబీకి ఫోన్ చేసే ముందు ఊళ్ళో వడ్లాయనను ఒకసారి ఇంటికి పిలవండి. కప్పు కింద నిలబడి ఏది దించవచ్చో, ఎన్ని రోజులు పడుతుందో అతను చెబుతాడు. అది విన్నాక నిర్ణయం తీసుకోండి.